ఇంగ్లండ్‌లో మీ షాపు చెత్త కాంట్రాక్ట్: కొత్త రీసైక్లింగ్ నిబంధనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో రెస్టారెంట్లు, కిరాణా షాపులు, చిన్న ఆఫీసులు నడుపుతున్న తెలుగువాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నలు ఇవి. 2025 మార్చి 31న రీసైక్లింగ్ నిబంధనలు మారాయి, వీటినే సింప్లర్ రీసైక్లింగ్ అంటున్నారు. చాలామంది చేతిలో ఉన్న కాంట్రాక్టులు మాత్రం అంతకుముందు రాసుకున్నవి. ఈ సందు చూసుకుని కొందరు సేల్స్‌వాళ్లు భయపెట్టి అక్కర్లేని బిన్లు అంటగడుతున్నారు. నిబంధన పాటించాలి, నిజమే. దానికోసం బిల్లు రెట్టింపు కావాల్సిన పని మాత్రం లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## నిబంధన మనకు వర్తిస్తుందా?

"సింప్లర్ రీసైక్లింగ్ అంటున్నారు. అసలు నేను ఏం చేయాలి?"

మీ వ్యాపారంలో వచ్చే చెత్తను పుట్టిన చోటే వేరు చేసి, వేరుగానే తీసుకెళ్లేలా ఏర్పాటు చేసుకోవాలి. భాగాలు ఇవి: ఒకటి, ఆహార వ్యర్థాలు; రెండు, పేపరు, అట్ట, ప్లాస్టిక్, లోహం, గాజు లాంటి పొడి రీసైక్లింగ్; మూడు, ఇవేవీ కాని మిగతా చెత్త, అంటే జనరల్ వేస్ట్. 2021 నాటి ఎన్విరాన్‌మెంట్ యాక్ట్ దీనికి ఆధారం. అమలు చూసేది ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ. సిబ్బంది వేసే చెత్తే కాదు, కస్టమర్లు మీ దగ్గర వదిలి వెళ్లేది కూడా ఇందులోకి వస్తుంది. పల్చటి ప్లాస్టిక్ కవర్లు, ఫిల్మ్ మాత్రం 2027 మార్చి 31 నుంచి ఈ జాబితాలో చేరతాయి.

"మా షాపులో ఏడుగురే ఉన్నారు. రెండో బ్రాంచిలో ఇంకో ఐదుగురు. మాకు వర్తిస్తుందా?"

వర్తిస్తుంది. ఎప్పటి నుంచి అన్నదే తేడా. లెక్క బ్రాంచివారీగా కాదు, వ్యాపారం మొత్తానికి. ఫుల్‌టైమ్ ఉద్యోగులకు సమానమైన సంఖ్య 10 లేదా అంతకు మించితే 2025 మార్చి 31 నుంచే పాటించాలి. ఇక్కడ తలలు లెక్కపెట్టరు, పనిగంటలు చూస్తారు. సగం రోజు చొప్పున చేసే ఇద్దరు స్టూడెంట్లు కలిపి ఒక్కరు. అందుకే పన్నెండు మంది పేర్లు పేరోల్‌లో ఉన్నా, సగం మంది పార్ట్‌టైమ్ అయితే మీరు పదికి లోపే ఉండొచ్చు. అలాంటి చిన్న వ్యాపారాలకు గడువు 2027 మార్చి 31.

ఒక మాట. గడువు ఉందని ఇప్పుడు మూడేళ్ల కాంట్రాక్ట్ మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టకండి. ఆ మూడేళ్ల మధ్యలో నిబంధన మీ మీదికి వస్తుంది. ఆ రోజు ఫుడ్ బిన్ చేర్చడానికి ఎంత అడుగుతారో ముందే కాగితం మీద ఉండాలి.

"మాది సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ. వంటే లేదు. ఫుడ్ బిన్ ఎందుకు?"

టీ బ్యాగులు, కాఫీ పిప్పి, అరటితొక్కలు, లంచ్ బాక్సుల్లో మిగిలిన అన్నం... ఇవన్నీ ఆహార వ్యర్థాలే. క్యాంటీన్ ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, కొద్దిగా వచ్చినా వేరు చేయాల్సిందే. అయితే ఆఫీసుకు పెద్ద బిన్ అక్కర్లేదు. ప్యాంట్రీలో ఒక చిన్న క్యాడీ (మూత ఉన్న ఆహార డబ్బా), బయట కంపెనీ ఇచ్చే అతి చిన్న సైజు బిన్ సరిపోతాయి. బిల్డింగ్‌లోని నాలుగైదు ఆఫీసులు కలిసి ఒకే ఫుడ్ బిన్ పెట్టుకునేలా మేనేజ్‌మెంట్‌ని అడగండి. అందరికీ ఖర్చు తగ్గుతుంది.

"మేం గుడి నడుపుతున్నాం. ప్రసాదాలు, అన్నదానం ఉంటాయి. ఇది వ్యాపారం కాదు కదా?"

వ్యాపారం కాకపోయినా ప్రార్థనా స్థలాలు, స్కూళ్లు, ఆసుపత్రులు, కమ్యూనిటీ హాళ్లు, చారిటీ షాపులు కూడా ఈ నిబంధన పరిధిలో ఉన్నాయి. జీతం తీసుకునే ఉద్యోగుల సంఖ్యనే చూస్తారు కాబట్టి, సేవకులతో నడిచే చాలా గుళ్లు 2027 గడువులోకి వస్తాయి. అన్నదానం పెద్దఎత్తున జరిగే చోట మాత్రం గడువు కోసం ఆగకుండా ఫుడ్ బిన్ పెట్టడమే మంచిది. పండగ వారాల్లో అదనపు కలెక్షన్‌కి ఎంత తీసుకుంటారో కాంట్రాక్ట్‌లో రాయించుకోండి. ఉగాదికి, వినాయక చవితికి నిండిపోయిన బిన్ల పక్కన సంచులు పేర్చి పెడితే అదనపు చార్జీ పడుతుంది.

"మాకు కార్డిఫ్‌లో, గ్లాస్గోలో కూడా బ్రాంచీలు ఉన్నాయి. అవే రూల్సా?"

కాదు. వేల్స్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచే వేరే చట్టం ఉంది. అక్కడ ఉద్యోగుల సంఖ్యతో పని లేదు, వారానికి 5 కిలోలు లేదా అంతకు మించి ఆహార వ్యర్థం వస్తే వేరు చేయాలి. దాన్ని సింకులోంచి డ్రైనేజీలోకి పంపడం కూడా నిషేధం. స్కాట్లండ్‌లో పొడి రీసైక్లింగ్ 2014 జనవరి 1 నుంచి తప్పనిసరి. అక్కడ ఆహార వ్యాపారాలకు వారానికి 5 కిలోల లెక్క 2016 నుంచి నడుస్తోంది. మూడు చోట్లకూ కలిపి ఒకే కాంట్రాక్ట్ ఉంటే, ఏ బ్రాంచికి ఏ బిన్లు వస్తాయో అనుబంధంలో విడివిడిగా రాయించుకోండి.

## కాంట్రాక్ట్ ముట్టుకునే ముందు

"నాకు ఎన్ని బిన్లు, ఏ సైజువి కావాలో ఎలా తెలుస్తుంది?"

సేల్స్‌వాళ్లను అడగకండి, మీ బిన్నే చూడండి. బిన్ తీసుకెళ్లే రోజు పొద్దున్నే మూత తెరిచి ఎంత నిండిందో ఫొటో తీయండి. రెండు మూడు వారాలు ఇలా చేయండి. ఒక మామూలు వారం, ఒక రద్దీ వారం తప్పకుండా ఉండాలి. ఫొటోతో పాటు లోపల ఎక్కువగా ఏముందో ఒక్క లైను రాసుకోండి: అట్టపెట్టెలు, ఉల్లిపాయ తొక్కలు, టేక్‌అవే డబ్బాలు, ఇంకేదైనా.

ఇది చేసినవాళ్లకు తెలిసేది ఒకటే. జనరల్ వేస్ట్ బిన్‌లో స్థలం తినేసేది అట్ట, బరువు పెంచేది ఆహారం. ఈ రెండూ బయటికి వెళ్లిపోతే ఆ బిన్‌లో మిగిలేది కొంచెమే. ఉదాహరణకి, వారానికి రెండు 1100 లీటర్ల జనరల్ బిన్లు నింపే బిర్యానీ షాపు, అట్టకి ఒక 1100 లీటర్ల బిన్, ఆహారానికి ఒకటో రెండో 240 లీటర్ల బిన్లు పెట్టుకుంటే, జనరల్ బిన్ ఒక్కటికి తగ్గించుకునే అవకాశం ఉంది. చాలామంది చేసే పని, పాత బిన్లు అలాగే ఉంచి కొత్తవి వాటి మీద చేర్చడం. అక్కడే డబ్బు పోతుంది. కొత్త బిన్ అడిగే ఫోన్‌కాల్‌లోనే పాత బిన్ తగ్గించమని అడగండి.

"మా కిచెన్‌లో ఏది ఏ బిన్‌లో వేయాలి?"

ఆహార బిన్‌లోకి: వండినవీ పచ్చివీ, కూరగాయ తొక్కలు, కరివేపాకు రెమ్మలు, చింతపండు పిప్పి, మాంసం, ఎముకలు, చేపముళ్లు, గుడ్డు పెంకులు, టీపొడి. అరటి ఆకుల్లో వడ్డించేవాళ్లు ఆకులు తీసుకుంటారో లేదో కంపెనీని అడిగి ఈమెయిల్‌లో జవాబు తెచ్చుకోండి.

పొడి రీసైక్లింగ్‌లోకి: ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు, ట్రేలు, కొబ్బరిపాల కార్టన్లు, టమాటా టిన్నులు, నెయ్యి డబ్బాలు, అల్యూమినియం ఫాయిల్ ట్రేలు, పచ్చడి గాజు జాడీలు. అన్నీ ఖాళీ చేసి ఒకసారి నీళ్లతో కడిగితే చాలు, తళతళలాడక్కర్లేదు.

వేయకూడనివి: తాగే గాజు గ్లాసులు, పింగాణీ, థర్మకోల్, కంపోస్టబుల్ అని రాసి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు. ఈ చివరిదానితో చాలామంది మోసపోతారు. పర్యావరణానికి మంచిదని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఆ డబ్బాలు ప్లాస్టిక్ రీసైక్లింగ్‌లో చెల్లవు. బియ్యం వచ్చే నేత ప్లాస్టిక్ బస్తాలు కూడా సీసాలు, డబ్బాలు, ట్రేల లెక్కలోకి రావు. వాటి సంగతి కంపెనీని విడిగా అడగండి.

"వాడిన నూనె ఫుడ్ బిన్‌లో పోయొచ్చా?"

వద్దు. డీప్ ఫ్రయర్ నూనె చల్లారాక డ్రమ్ములో పట్టి, వాడిన నూనె సేకరించే రిజిస్టర్డ్ కంపెనీకి ఇవ్వండి. దీంతో బయోడీజిల్ చేస్తారు కాబట్టి కొందరు ఉచితంగా తీసుకెళ్తారు, కొందరు ఎదురు డబ్బు కూడా ఇస్తారు. చెత్త కంపెనీ దీనికి చార్జీ వేస్తుంటే ఆ లైను తీసేయించండి. సింకులో పోయడం మాత్రం నేరం. మురుగు కాలువ మూసుకుపోయే పదార్థాలు వదలడాన్ని 1991 నాటి వాటర్ ఇండస్ట్రీ యాక్ట్ నిషేధిస్తుంది. నూనె ఇచ్చిన ప్రతిసారీ కాగితం తీసుకోవడం మరిచిపోకండి.

"మిగిలిన అన్నం తెలిసినవాళ్ల కోళ్లకు ఇవ్వొచ్చా? ఊళ్లో అలాగే చేసేవాళ్లం."

ఇక్కడ ఇవ్వకూడదు. 2001లో గాలికుంటు వ్యాధి దేశమంతా పాకాక, వంటగది వ్యర్థాలు పశువులకు పెట్టడాన్ని నిషేధించారు. పెరట్లో పెంచుకునే రెండు కోళ్లకైనా ఇదే నియమం. శాకాహార వంటగది అయినా మినహాయింపు లేదు. తినదగిన ఆహారం మిగిలితే దాన్ని మనుషులకు చేర్చండి. ఆహారం పంచే స్థానిక చారిటీలు చాలా ఊళ్లలో ఉన్నాయి. అలా వెళ్లినది వ్యర్థం కిందికే రాదు.

## పాత కాంట్రాక్ట్ చదివేటప్పుడు

"పది పేజీలు, చిన్న అక్షరాలు. ముందు ఏది చూడాలి?"

ముందు తేదీలు చూడండి. రేటు తర్వాత. మొదలైన తేదీ, కనీస కాలం, నోటీసు ఇవ్వాల్సిన గడువు: ఈ మూడూ దొరికితే సగం పని అయినట్టే. చాలా కాంట్రాక్టులు మీరు ఏమీ అనకపోతే వాటంతట అవే పొడిగింపు అవుతాయి. కొన్ని ఏడాదికి, కొన్ని మొదటి కాలమంత మళ్లీ. పైగా నోటీసు ఎప్పుడైనా ఇస్తే కుదరదు, కాలం ముగియడానికి ఇన్ని నెలల ముందు అని ఒక కిటికీ ఉంటుంది. అది దాటితే మళ్లీ ఇరుక్కుంటారు. ఆ కిటికీ తెరుచుకునే రోజుని ఇప్పుడే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి.

తర్వాత నోటీసు ఏ రూపంలో అడిగారో చూడండి. కొన్ని కంపెనీలు ఈమెయిల్ చాలంటాయి, కొన్ని రిజిస్టర్డ్ పోస్టులో ఫలానా చిరునామాకే రావాలంటాయి. అడిగిన రూపంలోనే ఇవ్వండి, రసీదు దాచండి. అకౌంట్ మేనేజర్‌కి వాట్సాప్‌లో చెప్పాను అంటే నిలబడదు.

మూడోది, అక్కడి చెత్త మొత్తం మాకే ఇవ్వాలి అనే షరతు. ఇది ఉంటే ఆహార వ్యర్థాన్ని వేరే కంపెనీకి చవకగా ఇవ్వాలనుకున్నా అడ్డుపడుతుంది.

నాలుగోది, మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన మొత్తం. మిగిలిన నెలల పూర్తి బిల్లు అడుగుతారా, అందులో కొంత శాతమా, బిన్లు వెనక్కి తీసుకెళ్లడానికి విడిగా చార్జీ ఉందా?

ఐదోది, ధర పెంచే షరతు. ఏడాదికి ఎన్నిసార్లు, దేన్ని ఆధారం చేసుకుని, ఎంత ముందు చెప్పి పెంచాలి? అభ్యంతరం చెప్పి బయటపడే హక్కు మీకు రాశారా? చాలా కాంట్రాక్టుల్లో ఆ హక్కు ఉంటుంది, కానీ పెంపు ఉత్తరం వచ్చిన కొద్ది రోజుల్లోపే వాడుకోవాలి. అందుకే ఆ ఉత్తరాన్ని చదవకుండా పక్కన పడేయకండి.

చదివాక అర్థం కాని క్లాజు ఉంటే దాని నంబరు రాసి, దీని అర్థం ఏమిటో చెప్పమని కంపెనీకే ఈమెయిల్ పెట్టండి. వాళ్లు రాసిన జవాబు తర్వాత మీకు సాక్ష్యం.

"చట్టం మారింది కదా, పాత కాంట్రాక్ట్ దానంతటదే రద్దు కాదా?"

కాదు. చట్టం మీ మీద కొత్త బాధ్యత పెట్టింది తప్ప మీ ఒప్పందాన్ని రద్దు చేయలేదు. అయితే చట్టం మారితే సేవ, ధర సవరించుకోవచ్చు అనే షరతు కొన్ని కాంట్రాక్టుల్లో ఉంటుంది. అది ఉందేమో వెతకండి.

అది లేకపోయినా మీ చేతిలో ఒక గట్టి ప్రశ్న ఉంది. ఈమెయిల్‌లో ఇలా అడగండి: ఆహార వ్యర్థాన్ని, పేపరు అట్టలను చట్టం చెప్పినట్టు వేరుగా తీసుకెళ్లగలరా, ఏ తేదీ నుంచి, ఎంతకు? తీసుకెళ్లలేమంటే, ఆ భాగం వరకు వేరే కంపెనీని పెట్టుకోవడానికి మాకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. చట్టం అడిగే సేవను తామూ ఇవ్వక, వేరేవాళ్లనూ రానివ్వక పట్టుకుని కూర్చోవడం ఏ కంపెనీకైనా సమర్థించుకోవడం కష్టం. చాలామటుకు ఇక్కడే దారి తెరుచుకుంటుంది.

"ఫోన్‌లో సరే అన్నాను, లింకు నొక్కి సంతకం పెట్టాను. 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు కదా?"

ఆ 14 రోజుల హక్కు వినియోగదారులకు, అంటే సొంత అవసరానికి కొనేవాళ్లకు. వ్యాపారం పేరు మీద చేసుకున్న ఒప్పందానికి అది రాదు. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ కూడా మీకు అండగా నిలవదు. వ్యాపారాల మధ్య కొంత రక్షణ ఇచ్చేది 1977 నాటి అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ టర్మ్స్ యాక్ట్. అదీ ప్రధానంగా కంపెనీ తన బాధ్యత తప్పించుకునే షరతుల మీద. సేల్స్‌వాళ్లు మీకు అబద్ధం చెప్పి ఒప్పించి ఉంటే అది వేరే సంగతి. ఆ కాల్ రికార్డింగ్ కాపీ అడగండి, సొలిసిటర్‌కి చూపించండి. అన్నిటికన్నా తేలికైన రక్షణ, ఫోన్‌లో ఎప్పుడూ సరే అనకపోవడం. పేపర్లు పంపండి, చదివి చెప్తాను అంటే చాలు. అది విని ఫోన్ పెట్టేసేవాళ్లతో మీకు పని లేదు.

"నడుస్తున్న రెస్టారెంట్ కొన్నాను. పాత ఓనర్ చెత్త కాంట్రాక్ట్ నా మీద పడుతుందా?"

మీరు ఎలా కొన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. లిమిటెడ్ కంపెనీ షేర్లు కొంటే, కాంట్రాక్ట్ ఆ కంపెనీ పేరు మీద ఉంది కాబట్టి దాంతోపాటే వస్తుంది. షాపు, సామాను, లీజు మాత్రమే కొంటే, మీరు ఒప్పుకుంటే తప్ప పాత ఓనర్ ఒప్పందం మామూలుగా మీకు అంటదు. కానీ బిన్లు వాడుతూ, మీ పేరు మీద వచ్చిన బిల్లు కడుతూ పోతే ఒప్పుకున్నట్టే అని కంపెనీ వాదించగలదు. తాళాలు తీసుకున్న వారంలోనే కంపెనీకి రాయండి: యాజమాన్యం మారింది, పాత ఒప్పందాన్ని మేం తీసుకోవడం లేదు, బిన్లు తీసుకెళ్లండి లేదా కొత్త కోట్ ఇవ్వండి.

"బిన్లు ల్యాండ్‌లార్డే చూసుకుంటాడు, సర్వీస్ చార్జిలో కలిపి కడతాం. నాకేం బాధ్యత?"

చెత్త మీది, కాబట్టి వేరు చేసి సరైన బిన్‌లో వేసే బాధ్యత మీదే. సరైన బిన్లు, కలెక్షన్ ఏర్పాటు చేయమని ల్యాండ్‌లార్డ్‌ని రాతపూర్వకంగా అడగండి. సర్వీస్ చార్జిలో చెత్త వాటా ఎంతో, కంపెనీ పేరు, ట్రాన్స్‌ఫర్ నోట్ (చెత్త ఎవరికి అప్పగించారో చూపే కాగితం) కాపీ కూడా అడిగి తీసుకోండి. ఆయన స్పందించకపోతే మీరు అడిగినట్టు చూపే ఆ ఈమెయిలే మీకు ఆసరా.

## కొత్త కోట్లు తీసుకునేటప్పుడు

"మూడు కంపెనీల కోట్లు వచ్చాయి. ఎలా పోల్చాలి?"

ఒక్కసారి బిన్ ఎత్తడానికి ఎంత అన్న రేటు మాత్రమే చూస్తే తప్పుదారి పడతాం. ప్రతి కోట్‌నీ ఏడాది మొత్తం ఖర్చుగా మార్చండి. అందులో బిన్ అద్దె, డ్యూటీ ఆఫ్ కేర్ (చెత్తను సరిగ్గా అప్పగించే చట్టపరమైన బాధ్యత) పేరిట వేసే కాగితాల రుసుము, డెలివరీ చార్జి, వ్యాట్ అన్నీ కలపండి. బరువు పరిమితి తప్పకుండా అడగండి. ఒక్కో బిన్‌కి ఇన్ని కిలోలు అని పెట్టి, దాటితే కిలో లెక్కన వేస్తారు. తడి ఆహారం బరువైనది కాబట్టి రెస్టారెంట్ బిల్లు ఇక్కడే పెరుగుతుంది.

జనరల్ వేస్ట్ ఎందుకు ఖరీదు అని చాలామంది అడుగుతారు. దానికి ఒక కారణం పన్ను. చెత్త పూడ్చినందుకు కట్టే ల్యాండ్‌ఫిల్ ట్యాక్స్ 1996లో మొదలైనప్పుడు టన్నుకు 7 పౌండ్లు. 2025 ఏప్రిల్‌కి అది 126.15 పౌండ్లకు చేరింది. ఆహారాన్ని వేరు చేస్తే అది ఎనరోబిక్ డైజెషన్ ప్లాంటుకి, అంటే గాలి తగలకుండా కుళ్లబెట్టే చోటికి వెళ్లి గ్యాస్, ఎరువు అవుతుంది. అదే పూడ్చితే మీథేన్ అయి గాలిలో కలుస్తుంది. ఈ పని చేయడానికి నాకు ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదనిపిస్తుంది, కానీ లెక్క కూడా కలిసొస్తోంది.

"అన్నీ ఒకే బిన్‌లో వేసేయండి, మా ప్లాంటులో వేరు చేస్తాం అంటున్నారు. నమ్మొచ్చా?"

జనరల్ వేస్ట్‌తో రీసైక్లింగ్ కలిపేయమంటే నమ్మకండి. అది నిబంధనకు విరుద్ధం, తర్వాత ఎంత వేరు చేసినా సరే. ఆహారాన్ని కూడా పొడి చెత్తలో కలపకూడదు. ప్లాస్టిక్, లోహం, గాజు మూడూ ఒకే బిన్‌లో వేయడం మాత్రం తప్పు కాదు. కాబట్టి ఒకే బిన్ అంటే వాళ్ల ఉద్దేశం ఏమిటో రాసిమ్మనండి.

"పేపరు, అట్ట కూడా ప్లాస్టిక్‌తో కలిపి తీసుకెళ్తామంటున్నారు. ఇది సరేనా?"

మామూలుగా పేపరు, అట్ట వేరుగా వెళ్లాలి. తడి, గాజు ముక్కలు తగిలితే వాటి విలువ పోతుంది. వేరుగా తీయడం సాంకేతికంగానో ఆర్థికంగానో సాధ్యం కాకపోతే, లేదా పర్యావరణపరంగా చెప్పుకోదగ్గ మేలు లేకపోతే కలపొచ్చు. కానీ ఆ కారణాన్ని కంపెనీ చిన్న లిఖిత అంచనాగా రాసి పెట్టుకోవాలి. రాయాల్సింది వాళ్లు, మీరు కాదు. కాపీ ఇమ్మని అడగండి.

"ప్రైవేటు కంపెనీలతో విసిగిపోయాను. కౌన్సిల్‌ని అడగొచ్చా?"

అడగొచ్చు. 1990 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం, వ్యాపారి కోరితే కమర్షియల్ చెత్త తీసుకెళ్లే ఏర్పాటు కౌన్సిల్ చేయాలి. ఉచితం కాదు, తగిన రుసుము ఉంటుంది. బిజినెస్ రేట్స్ కడుతున్నాం కదా అని చాలామంది అనుకుంటారు, చెత్త ఖర్చు అందులో కలిసి ఉండదు. కౌన్సిల్ కోట్ కూడా తెచ్చుకుంటే బేరం ఆడడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

"కంపెనీకి లైసెన్స్ ఉందో లేదో ఎలా చూడాలి?"

ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో వేస్ట్ క్యారియర్ల, అంటే చెత్త మోసుకెళ్లేవాళ్ల పబ్లిక్ రిజిస్టర్ ఉంది. పేరు కానీ నంబరు కానీ కొట్టి ఉచితంగా చూసుకోవచ్చు. మధ్యవర్తిగా పనిచేసే బ్రోకర్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. బ్రోకర్ ద్వారా వెళ్తే అసలు లారీ ఎవరిదో అడిగి వాళ్లనీ చూడండి. వ్యానులో వచ్చి క్యాష్ తీసుకుని చవగ్గా పట్టుకెళ్తామనేవాళ్లకు ఇవ్వకండి. ఆ సంచులు రోడ్డు పక్కన దొరికి, అందులో మీ బిల్లు పుస్తకం బయటపడితే సమాధానం చెప్పాల్సింది మీరే.

## కాంట్రాక్ట్ నడుస్తున్నప్పుడు

"తప్పు చెత్త కలిసిందని అదనపు చార్జి వేశారు. కట్టాలా?"

ముందు ఫొటో అడగండి. ఏ తేదీన, ఏ బిన్‌లో, ఏం కనిపించిందో చూపించమనండి. చూపించలేకపోతే ఆ లైను మీద అభ్యంతరం రాసి, మిగతా బిల్లు సకాలంలో కట్టేయండి. మొత్తం ఆపేస్తే కలెక్షన్ ఆపడానికి వాళ్లకు కారణం ఇచ్చినట్టవుతుంది.

నిజంగానే కలుస్తుంటే ఎక్కడ కలుస్తోందో చూడాలి. రాత్రి పన్నెండుకి షాపు కట్టేసే కుర్రవాడు అలసిపోయి ఉంటాడు, చేతికి దగ్గర ఉన్న బిన్‌లో వేస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు. వెజ్ కటింగ్ దగ్గర ఒక ఫుడ్ క్యాడీ, గిన్నెలు కడిగే చోట ఇంకొకటి పెట్టండి. మూతల మీద బొమ్మలు అంటించండి. వంటగదిలో తెలుగు, తమిళం, నేపాలీ, పంజాబీ మాట్లాడేవాళ్లు కలిసి పనిచేస్తుంటే బొమ్మలే అందరికీ అర్థమవుతాయి. బయటి బిన్లకు తాళం వేస్తే దారిన పోయేవాళ్లు వేసే చెత్త ఆగుతుంది.

"మా వెనక సందులో ఇన్ని బిన్లు పట్టవు. ఏం చేయాలి?"

బిన్ల సంఖ్య పెంచడానికి బదులు చిన్న బిన్లు ఎక్కువసార్లు తీయించుకోండి. అట్టపెట్టెలను నలిపి కట్టగట్టి పెడితే తీసుకెళ్తారేమో అడగండి. బిన్ లేకుండా సంచుల్లో తీసుకెళ్లే సేవ లండన్ హైస్ట్రీట్లలో చాలాచోట్ల ఉంది, కానీ సంచులు బయట పెట్టే సమయం కౌన్సిల్ నిర్ణయిస్తుంది. చోటు లేదన్నది మినహాయింపు మాత్రం కాదు.

"కొంచెమే కదా, ఇంటికి తీసుకెళ్లి ఇంటి బిన్‌లో వేస్తే?"

వేయకూడదు. షాపులో పుట్టిన చెత్త వ్యాపార చెత్తే, సంచి ఎంత చిన్నదైనా. దాన్ని తీసుకునే రీసైక్లింగ్ కేంద్రానికి మీరే స్వయంగా తీసుకెళ్లొచ్చు. తరచూ అలా చేస్తే లోయర్ టియర్ వేస్ట్ క్యారియర్‌గా నమోదు చేసుకోవాలి. సొంత చెత్త మోసుకునేవాళ్లకు అది ఉచితం. వెళ్లే ముందు ఫోన్ చేయండి, కౌన్సిల్ వాళ్ల ఇంటి చెత్త కేంద్రాలు చాలావరకు వ్యాపార చెత్త తీసుకోవు, తీసుకున్నా డబ్బు అడుగుతాయి.

"తనిఖీకి వస్తే ఏ కాగితాలు చూపించాలి? ఫైన్ వేస్తారా?"

వేస్ట్ ట్రాన్స్‌ఫర్ నోట్లు రెండేళ్లవి దాచాలి. ప్రతి కలెక్షన్‌కీ వేరే నోట్ అక్కర్లేదు. ఒకే రకం చెత్త ఒకే కంపెనీకి ఇస్తుంటే ఏడాదికి ఒక సీజన్ టికెట్, అంటే ఏడాది మొత్తానికి చెల్లే ఒకే నోట్ చాలు. దాని మీద చెత్త రకాల కోడ్‌లు మీ అసలు చెత్తతో సరిపోతున్నాయా చూడండి. మిశ్రమ చెత్తకి 20 03 01, వంటగది ఆహార వ్యర్థానికి 20 01 08, వంటనూనెకి 20 01 25. ఫుడ్ బిన్ వచ్చి నెలలు గడిచినా నోట్‌లో ఇంకా 20 03 01 ఒక్కటే ఉంటే మార్పించండి. అడిగినప్పుడు నోట్ చూపించలేకపోతే 300 పౌండ్ల ఫిక్స్‌డ్ పెనాల్టీ పడొచ్చు.

వేరు చేయడం లేదని తేలితే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ కంప్లయన్స్ నోటీసు ఇవ్వగలదు. ఏం సరిదిద్దాలో, ఎప్పటిలోగా సరిదిద్దాలో అందులో ఉంటుంది. ఆ నోటీసుని పట్టించుకోకపోవడం నేరం, కోర్టు జరిమానా వేస్తుంది. నోటీసు వస్తే టెన్షన్ పడి పక్కన పెట్టేయకండి. ఆ రోజే చెత్త కంపెనీకి ఫార్వర్డ్ చేసి, ఫలానా తేదీకి ఫలానా బిన్లు వస్తాయని రాతలో తెప్పించుకుని, ఆ కాపీని ఏజెన్సీకి పంపండి. కాంట్రాక్ట్, ట్రాన్స్‌ఫర్ నోట్లు, క్యారియర్ రిజిస్ట్రేషన్ ప్రింటు, కంపెనీతో నడిచిన ఈమెయిళ్లు ఒకే ఫైల్లో పెట్టి, మీరు లేనప్పుడు షాపు చూసుకునే మనిషికి అది ఎక్కడుందో చూపించండి.